హెల్లర్ అంటే "ఇంకా వెలుతురు" అనా? ఇంటి ఓనరు రాసిన ముక్క అర్థం కావట్లేదు

స్టుట్‌గార్ట్_సీను
కిందటి నెల రూము ఖాళీ చేశాను. డిపాజిట్ 900 యూరోలు. నిన్న ఓనరు దగ్గర్నుంచి పోస్టులో కాగితం వచ్చింది. హీటింగు, నీళ్ళు, మెట్ల మీద కరెంటు, అన్నీ పెన్సిల్‌తో గళ్ళు గీసి లెక్క వేశాడు. మొత్తం 64.63 పట్టుకుని మిగతా 835 అకౌంట్లో వేశాడు. కింద సంతకం పైన ఒక ముక్క: "ఔఫ్ హెల్లర్ ఉంట్ ఫెన్నిగ్". ఫెన్నిగ్ పాత పైసా అని తెలుసు. హెల్లర్ దగ్గరే ఆగిపోయా. ఫోన్లో కొడితే "మరింత వెలుతురుగా" అని వస్తోంది. నేను వచ్చేసేటప్పుడు నా ఎల్‌ఈడీ బల్బు పీక్కొచ్చేశాను. దాని గురించేమైనా మెలిక పెట్టాడా? టెన్షన్‌గా ఉంది.

బెర్లిన్_బుజ్జి
బల్బు కాదు బాబూ 😂 "పైసాతో సహా లెక్క తేల్చేశాను" అని ఆ మాటకి అర్థం. హెల్లర్ కూడా పాత నాణెమే.

గోదారి_గట్టు
హెల్లర్ అంటే చిల్లర. ప్రాస కూడా కుదిరింది, ఇంక డిక్షనరీ ఎందుకు.

స్టుట్‌గార్ట్_సీను
హమ్మయ్య. కానీ బుజ్జి గారూ, "హెల్" అంటే జర్మన్‌లో వెలుతురు, "హెల్లర్" అంటే అంతకన్నా ఎక్కువ వెలుతురు. అది మా క్లాసులో మూడో వారమే చెప్పారు. నాణేనికి ఆ పేరు ఎందుకు? మెరిసేది కాబట్టా?

కోఠి_కుర్రోడు
అదే అయ్యుంటుంది. కొత్త వెండి బిళ్ళ తళతళా మెరుస్తుంది కదా. ఏదో వీడియోలో కూడా అలాగే చెప్పారు.

నాణేల_నాయుడు
కాదు. ఆ వీడియో చేసినాయన ఎవరో గానీ, మాట చూసి ఊహించి చెప్పేశాడు. హెల్లర్ ఊరి పేరు.

సీను, మీరున్న స్టుట్‌గార్ట్ నుంచి రైలెక్కితే ఒక పూటలో చూసి రావచ్చు. ష్వేబిష్ హాల్ అని, కొఖర్ నది ఒడ్డున. పాత రోజుల్లో ఉప్పు నీళ్ళు కాచి ఉప్పు తీసిన ఊరు. ఉప్పుతో పాటు అక్కడ చక్రవర్తి టంకశాల ఉండేది. 12వ శతాబ్దం చివర, ఫ్రెడరిక్ బార్బరోసా కాలంలో అక్కడ కొట్టిన చిన్న వెండి బిళ్ళని "హాల్లర్ ఫెన్నిగ్" అనేవాళ్ళు, హాల్ ఊరి ఫెన్నిగ్ అని. మన బందరు లడ్డూ, ఉప్పాడ చీర లాగా. తర్వాత రెండో ముక్క పోయింది, హాల్లర్ ఒక్కటే మిగిలింది. అది కాస్తా నోట్లో నలిగి హెల్లర్ అయింది. ఆ కాలపు లాటిన్ పత్రాల్లో "హాలెన్సిస్" అని రాసేవాళ్ళు, హాల్‌ది అని అర్థం. వెలుతురు నుంచి వచ్చిన మాటే అయితే లాటిన్‌లో ఊరి పేరు ఎందుకు రాస్తారు?

కోఠి_కుర్రోడు
ఓకే, వీడియో డిలీట్ 😅

వియన్నా_వాణి
ఒక్క నిమిషం నాయుడు గారూ. హాల్ అంటే ఇక్కడ ఆస్ట్రియాలో టిరోల్‌లో ఉన్న హాల్ కదా? అక్కడి టంకశాల చాలా పేరున్నది, నేను వెళ్ళి చూశాను కూడా. అదీ ఉప్పు ఊరే. ఇక్కడ అందరూ హెల్లర్ మాదే అంటారు.

నాణేల_నాయుడు
వాణి గారూ, టిరోల్ హాల్‌కి టంకశాల వచ్చింది 1477లో, అదీ మెరాన్ నుంచి మార్చారు. అప్పటికి హెల్లర్ పుట్టి రెండొందల యాభై ఏళ్ళు దాటింది. మీ హాల్ గొప్ప వేరు. పెద్ద వెండి నాణేలు, ఆ తర్వాత టాలర్ అయిన రకం, 1486లో అక్కడ మొదలయ్యాయి. చిల్లర పేరు మాత్రం కొఖర్ ఒడ్డుది.

వియన్నా_వాణి
అయితే పెద్ద నోటు మాది, చిల్లర వాళ్ళది. సరే ఒప్పుకుంటా.

మాటల_మల్లి
హాల్, హాల్లె, హల్లైన్, హాల్‌ష్టాట్... ఈ ఉప్పు ఊళ్ళన్నిటికీ "హాల్" ఎందుకుందో అది ఇంకో పెద్ద తగువు. పాత కెల్టుల భాషలో ఉప్పుకి ఆ మాట ఉండేదని చాలాకాలం చెప్పారు. ఇప్పటి భాషావేత్తల్లో అందరూ ఒప్పుకోరు. కాబట్టి హెల్లర్ అంటే హాల్ ఊరిది, అక్కడిదాకా గట్టి. "హెల్లర్ అంటే ఉప్పు నాణెం" అని ఎవరైనా ఫార్వర్డ్ పంపితే నమ్మకండి.

గోదారి_గట్టు
ఉప్పు నాణెం అయితే వానాకాలం జేబులో కరిగిపోయేది.

పద్మజ_తెనాలి
నేను ష్వేబిష్ హాల్ వెళ్ళాను, మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు. ఊరి చిహ్నంలో రెండు గుండ్రాలు ఉంటాయి, ఒకదాంట్లో శిలువ, ఇంకోదాంట్లో అరచెయ్యి. ఆ చెయ్యి ఏమిటో అప్పుడు అర్థం కాలేదు. ఎవరైనా చెబుతారా?

నాణేల_నాయుడు
పద్మజ గారూ, మీరు చూసింది హెల్లర్ బిళ్ళ రెండు వైపులూ! నాణెం మీద ఒక పక్క తెరిచిన అరచెయ్యి, ఇంకో పక్క కొసలు చీలిన శిలువ. ఆ నాణెం బొమ్మలే ఊరి చిహ్నంలోకి ఎక్కాయి. చెయ్యి ఉన్న వాటిని "హెండెల్ హెల్లర్" అని కూడా పిలిచేవాళ్ళు, చెయ్యి హెల్లర్ అని. దాంతో కొందరు "చెయ్యి నుంచే హెల్లర్ వచ్చింది" అని తిప్పేశారు. అది ముద్దుపేరు, అసలు పేరు కాదు.

కోఠి_కుర్రోడు
చెయ్యి గుర్తు అంటే... వద్దులే, రాజకీయాలు ఇంకో దారంలో.

లెక్కల_మాస్టారు
విలువ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక ఫెన్నిగ్‌కి ఎన్ని హెల్లర్లు?

నాణేల_నాయుడు
ఇందులోనే అసలు కథ ఉంది మాస్టారూ. మొదట్లో హెల్లరే ఫెన్నిగ్. హాల్ ఫెన్నిగ్ అనే కదా పేరు. ఆ రోజుల్లో చాలా ఊళ్ళ ఫెన్నిగ్‌లు ఆ చుట్టుపక్కలే చెల్లేవి. పైగా ఆ ఊరి దొర అప్పుడప్పుడు "పాతవి రద్దు, తెచ్చి మార్చుకోండి" అనేవాడు. నాలుగిచ్చి మూడు తీసుకోవాలన్నమాట, మిగిలింది దొరకి. హాల్ బిళ్ళలకి ఆ బాధ లేదు. రెండు వైపులా ముద్ర, ఎక్కువ సంఖ్యలో వచ్చేవి, ఎక్కడైనా తీసుకునేవాళ్ళు. వర్తకులకి అంతకన్నా ఏం కావాలి.

కానీ జనం తీసుకుంటున్నారు కదా అని అందులో వెండి తగ్గించుకుంటూ పోయారు. ఇతర ఊళ్ళవాళ్ళు కూడా అదే పేరుతో కొట్టడం మొదలుపెట్టారు. చివరికి ఒక ఫెన్నిగ్‌కి రెండు హెల్లర్లు అయ్యాయి. అప్పుడు హెల్లర్ అంటే ఊరు పోయి "అరపైసా" అయింది. పెద్ద మొత్తాలు లెక్కపెట్టాలంటే "ఒక పౌండ్ హెల్లర్లు" అని 240 బిళ్ళలు. షార్లమేన్ చక్రవర్తి కాలం నుంచీ ఒక పౌండ్ అంటే 240 ఫెన్నిగ్‌లు, ఆ అలవాటే దీనికీ.

లెక్కల_మాస్టారు
ఇంగ్లండ్ పౌండుకి 240 పెన్నీలు ఉన్నట్టే. 1971 దాకా వాళ్ళు అలాగే లెక్కపెట్టారు. పిల్లలకి నరకం.

మాటల_మల్లి
ఫెన్నిగ్, పెన్నీ ఒకే మాట రెండు రూపాలు. కానీ ఆ మూలం ఇంకా తేలలేదు. తాకట్టు అనే అర్థం ఉన్న "ఫాండ్" నుంచి అంటారు ఒకరు, పెనం అనే "ఫన్నె" నుంచి అంటారు ఇంకొకరు, బిళ్ళ కాస్త లోతుగా పెనంలా ఉండేదని. లాటిన్‌లో గుడ్డ అనే మాట నుంచి అని మూడో వాదం, గుడ్డ కూడా ఒకప్పుడు డబ్బులా మారకం అయ్యేదని. నాకైతే పెనం నచ్చింది, కానీ నచ్చడం రుజువు కాదు.

గోదారి_గట్టు
పెనం మీద కాల్చినది కాబట్టి అట్టు అనాలి. ఫెన్నట్టు.

స్టుట్‌గార్ట్_సీను
అంటే మా ఓనరు "అరపైసా, పైసాతో సహా" అంటున్నాడు. ఈయన ష్వాబియన్, ఇక్కడివాళ్ళకి పొదుపు అంటే ప్రాణం. మెట్లు తుడిచే వారం మన వంతు వస్తే తలుపుకి బోర్డు తగిలిస్తారు. తుడవలేదనుకోండి, పక్కింటి ఆవిడ చూపుతోనే చంపేస్తుంది.

బెర్లిన్_బుజ్జి
ఇంకో మాట వింటారు చూడు: "కైనెన్ రోటెన్ హెల్లర్". ఎర్ర హెల్లర్ కూడా లేదు, అంటే చేతిలో ఏమీ లేదు అని. నెలాఖరున మా ఆఫీసులో అందరి నోటా ఇదే.

పద్మజ_తెనాలి
ఆగండాగండి. ఎర్ర హెల్లరా? మా అమ్మమ్మ "వాడికి ఎర్ర ఏగాణీ కూడా ఇవ్వను" అనేది. ఆస్తి పంపకాల మాట వస్తే చాలు, నోటి నిండా ఎర్ర ఏగాణీయే. ఇదేమిటి, తెనాలికీ జర్మనీకీ ఇంత దగ్గరా?

మాటల_మల్లి
వావ్. ఇది నాకు తట్టనేలేదు. మక్కికి మక్కి అదే మాట.

నాణేల_నాయుడు
పద్మజ గారి అమ్మమ్మకి దండం. రెండు చోట్లా కారణం ఒకటే, రాగి. హెల్లర్‌లో వెండి తగ్గి రాగి పెరిగేకొద్దీ రంగు తిరిగింది. తెల్ల హెల్లర్, ఎర్ర హెల్లర్, నల్ల హెల్లర్ అని మూడు రకాలు చెప్పుకునేవాళ్ళు. తెల్లదానిలో వెండి కాస్త మిగిలి ఉంది, ఎర్రదానిలో రాగే. మనకి ఏగాణీ మొదటి నుంచీ రాగిదే. ఎవరి మాట ఎవరూ అరువు తెచ్చుకోలేదు. అన్నిటికన్నా హీనమైన బిళ్ళ ఎర్రగా ఉంటుంది, అంతే.

కోఠి_కుర్రోడు
మా హైదరాబాదులో "హాలీ సిక్కా" అనేవాళ్ళు, నిజాం రూపాయి. హాలీ, హాల్లర్... నాయుడు గారూ, జర్మన్లు మా దగ్గర్నుంచే కొట్టేశారేమో చూడండి.

నాణేల_నాయుడు
హహ, మీ వీడియో ఆయన ఇది వింటే రెండో భాగం తీస్తాడు. ఆ హాలీ "ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్నది" అనే అర్థంలో వచ్చిన ఉర్దూ మాట. జర్మనీ హాల్‌తో సంబంధం లేదు. బ్రిటిష్ రూపాయిని మీవాళ్ళు "కల్దార్" అనేవాళ్ళు, మర మీద కొట్టింది అని. 7 హాలీ ఇస్తే 6 కల్దార్ వచ్చేవి. ఒకటి చెల్లుబాటుని బట్టి, ఒకటి తయారీని బట్టి పుట్టిన పేరు.

మాటల_మల్లి
ఇలా చూస్తే భలే ఉంది. హెల్లర్‌ది ఊరి పేరు. టాలర్ కూడా అంతే, బొహీమియాలో యోఆఖిమ్‌స్టాల్ అనే లోయ ఊరి వెండి. ఆ టాలరే నలిగి డాలర్ అయింది. క్రోయిట్సర్ అంటే శిలువది, అది బొమ్మని బట్టి. మన వరాహం కూడా బొమ్మే, పంది బొమ్మ. ఇంక మన కాణీ ఊరూ కాదు బొమ్మా కాదు, శుద్ధ లెక్క: కాణి అంటే అరవై నాలుగో వంతు. రూపాయిలో 64వ వంతు కాబట్టి కాణీ.

లెక్కల_మాస్టారు
కరెక్ట్. అణాకి 4 కాణీలు, రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక ఈ లెక్క పోయింది. మా నాన్న చివరిదాకా కూరగాయలు అణాల్లోనే బేరమాడేవాడు.

వియన్నా_వాణి
నా దగ్గర ఒక హెల్లర్ ఉంది! నాష్‌మార్క్ట్ దగ్గర శనివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. అక్కడ ఒక ముసలాయన రేకు డబ్బాలో పోసి అమ్ముతుంటే ఒక యూరో ఇచ్చి 2 హెల్లర్ల బిళ్ళ కొన్నాను. ఒక వైపు రెండు తలల డేగ. చిటికెన వేలి గోరుకన్నా కాస్త పెద్దది, అంచు అరిగిపోయి నున్నగా ఉంది. కానీ నాయుడు గారూ, ఇది 19వ శతాబ్దం తర్వాతది. హెల్లర్ ఎప్పుడో పోయిందన్నారు?

నాణేల_నాయుడు
పోయిందని నేను అనలేదు 🙂 జర్మనీలో 1873 తర్వాత మార్కు, ఫెన్నిగ్ వచ్చి హెల్లర్‌ని తోసేశాయి. మీ ఆస్ట్రియాలో 1892లో క్రోన్ తెచ్చినప్పుడు, అందులో నూరో వంతుకి ఈ పాత పేరు తీసి పెట్టారు. అంటే అరఫెన్నిగ్ కాస్తా క్రోన్‌లో నూరో వంతు అయింది. మాట అదే, లెక్క వేరు. హంగరీ వైపు అదే విలువని "ఫిల్లేర్" అన్నారు. వినడానికి చుట్టంలా ఉంటుంది గానీ కాదు, అది "నాలుగుది" అనే జర్మన్ మాట నుంచి వచ్చింది. చెక్ వాళ్ళది మాత్రం హెల్లరే. "హలేర్" అని 2008 దాకా నడిచింది, చివరికి 50 హలేర్ల బిళ్ళ ఒక్కటే మిగిలింది. స్లొవాకియాలో 2009లో యూరో వచ్చేదాకా.

పాత_పెట్టె
చాలా రోజులుగా ఈ ఫోరమ్‌లో చదవడమే తప్ప రాయను. మాది విజయనగరం వైపు. మా ముత్తాత మద్రాసు పటాలంలో తూర్పు ఆఫ్రికా వెళ్ళి వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన చెక్కపెట్టెలో ఒక రాగి బిళ్ళ ఉంది. ఒక పక్క కిరీటం, ఇంకో పక్క ఆకుల దండ మధ్యలో "1 హెల్లర్" అని. 1910, కింద J అక్షరం. "డాయిచ్ ఓస్ట్ ఆఫ్రికా" అని కూడా ఉంది. జర్మనీ నాణెం అనుకున్నాం. ఇప్పుడు ఇది చదివాక అనుమానం వచ్చింది.

నాణేల_నాయుడు
అబ్బ! ఇది ఇంత సేపు దాచారేంటండీ.

అది జర్మనీలో చెల్లిన నాణెం కాదు, జర్మన్ తూర్పు ఆఫ్రికాది. ఇప్పటి టాంజానియా ముఖ్యభాగం. J అంటే హాంబర్గ్ టంకశాల. ఇక్కడ మన చుట్టరికం నిజంగానే ఉంది. ఆ తీరంలో జర్మన్లు రాకముందు నుంచే మన రూపాయి చెల్లేది, గుజరాతీ వర్తకుల వల్ల. జర్మన్లు వచ్చి 1890లో సొంత నాణెం కొట్టారు. పేరు ఏం పెట్టారు? "రూపీ". బరువు 11.66 గ్రాములు, వెండి, అచ్చం మన రూపాయిలాగే. చిల్లర పేరు "పెసా", మన పైసాయే. రూపీకి 64 పెసాలు.

లెక్కల_మాస్టారు
64! అంటే కాణీ!

నాణేల_నాయుడు
అవును మాస్టారూ, మీ నాన్నగారు దారెస్సలాంలో కూడా బేరమాడగలిగేవారు. 1904లో లెక్క దశాంశానికి మార్చారు. అప్పుడు పెసా తీసేసి రూపీకి 100 హెల్లర్లు అన్నారు. అలా హాల్ ఊరి ఉప్పు వీధుల్లో పుట్టిన పేరు, మన రూపాయి పక్కన కూర్చుంది. మీ బిళ్ళ అదే. తర్వాత 5, 10 హెల్లర్లవి నడుమ చిల్లు పెట్టి కూడా కొట్టారు.

గోదారి_గట్టు
చిల్లికాణీ! మనకి 1943లో యుద్ధం రోజుల్లో వచ్చింది కదా. వాళ్ళకి చిల్లిహెల్లర్.

పాత_పెట్టె
వీపు మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. దీని ధర ఎంత ఉంటుందండీ? అమ్మే ఉద్దేశం లేదు, ఊరికే.

నాణేల_నాయుడు
1 హెల్లర్లు లక్షల్లో కొట్టారు కాబట్టి పెద్ద ధర పలకదు. మీ ఇంట్లో దాని విలువ వేరు. ఒక్క మాట, చింతపండు పెట్టి తోమకండి. ఆ గోధుమ రంగు పోతే నాణెం పోయినట్టే. 1914 నవంబరులో టాంగా రేవు దగ్గర జరిగిన యుద్ధంలో మద్రాసు పటాలాలు ఉన్నాయి. ముత్తాతగారి పటాలం కాగితాలు ఏమైనా ఉంటే వెతకండి.

పాత_పెట్టె
అయ్యో, మొన్ననే మా ఆవిడ ఇత్తడి సామానుతో పాటు తోమబోయింది. దేవుడే ఆపాడు. కాగితాలు మా పెదనాన్న కొడుకు దగ్గర ఉండొచ్చు, ఆదివారం వెళ్తా.

బెర్లిన్_బుజ్జి
సీను, నీ గోల ఎవరికీ గుర్తులేదు చూశావా. ఇంకోటి చెప్తా, పనికొస్తుంది. బెర్లిన్‌లో పాతవాళ్ళు 5 ఫెన్నిగ్‌ల బిళ్ళని "జెక్సర్" అనేవాళ్ళు, అంటే ఆరు! అంతకుముందు ప్రష్యా లెక్కలో 12 ఫెన్నిగ్‌లకి ఒక గ్రోషెన్. సగం గ్రోషెన్ అంటే 6. దశాంశం వచ్చాక సగం గ్రోషెన్ 5 ఫెన్నిగ్‌లు అయింది, పేరు మాత్రం ఆరుగానే ఉండిపోయింది. "గ్రోషెన్ పడింది" అని కూడా అంటారు, ఆలస్యంగా బుర్రకెక్కింది అని. బిళ్ళ వేసే మిషన్లో బిళ్ళ లోపలికి పడితేనే కదా పని జరిగేది.

లెక్కల_మాస్టారు
సీను బాబూ, నేను మొదటి పోస్టు దగ్గరే ఆగిపోయాను. 900 లోంచి 64.63 తీస్తే 835.37. నువ్వు 835 వచ్చాయన్నావు. మరి ఆ 37 సెంట్లు ఏవి? హెల్లర్‌తో సహా తేల్చాను అని రాసినవాడు ఇలా చేయకూడదు.

గోదారి_గట్టు
😂😂😂 మాస్టారూ, మీకు ష్వాబియన్ పౌరసత్వం ఇవ్వాలి.

స్టుట్‌గార్ట్_సీను
ఇప్పుడు నాకు గ్రోషెన్ పడింది. అకౌంట్ చూశాను, 835.00 అనే ఉంది. 37 సెంట్ల కోసం అడగాలంటే సిగ్గుగా ఉంది.

పద్మజ_తెనాలి
అడుగు నాయనా. మా అమ్మమ్మ అయితే ఈపాటికి ఆయన గుమ్మంలో కూర్చునేది.

స్టుట్‌గార్ట్_సీను
అప్‌డేట్. ఈరోజు పాత రూముకి వచ్చిన ఉత్తరాలు తెచ్చుకోవడానికి వెళ్ళి, కాగితం చూపించి అడిగాను. కళ్ళద్దాలు పెట్టుకుని పెన్సిల్ తీసి మళ్ళీ మొత్తం కూడాడు. రెండుసార్లు. చెవులు ఎర్రబడ్డాయి. గల్లాలోంచి 37 సెంట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు, 20, 10, 5, 2. హెల్లర్ ష్వేబిష్ హాల్‌ది కదా అన్నాను. ఆయన పుట్టింది ఆ పక్క ఊళ్ళోనేనట! కాఫీ ఇచ్చాడు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు, బల్బు ఎక్కడ అని.